ఎన్‌వీడీఏతో పాటలు, పాఠాలు వినడం ఎలా: ఫూబార్2000, వీఎల్‌సీ అమరిక

చూపున్నవాళ్లు ప్లేయర్ తెరవగానే కింద గీత మీద చుక్క ఎక్కడుందో ఒక్క చూపులో పట్టేస్తారు. ఎంత అయింది, ఇంకా ఎంత ఉంది అని ఎవరినీ అడగక్కర్లేదు. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి చెప్పే స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ వాడే మనకు అసలు చిక్కు అక్కడే. పాట మొదలుపెట్టడం దాదాపు ఏ ప్లేయర్‌లోనైనా కుదురుతుంది. కానీ గంటన్నర క్లాసు రికార్డింగ్‌లో ఇప్పుడు ఎక్కడున్నాం, నిన్న రాత్రి ఎక్కడ ఆపాం అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పే ప్లేయర్లు తక్కువ. కాబట్టి ప్లేయర్ ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది ఈ రెండే. ఏది బాగా మోగుతుందన్న వాదన తర్వాత పెట్టుకోవచ్చు.

ఈ రెండు ప్రశ్నలకూ ఒకే ప్లేయర్ చక్కగా జవాబు చెప్పదు. అందుకే రెండు పెట్టుకోమంటాను. పాటలకు ఫూబార్2000, పాఠాలకు వీఎల్‌సీ. రెండూ ఉచితమే. కింద చెప్పేదంతా విండోస్ 10 లేదా 11లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవారి కోసం. జాస్ అనే మరో స్క్రీన్ రీడర్ వాడేవారికి ప్లేయర్ల కీలు ఇవే పనిచేస్తాయి, ఎన్‌వీడీఏ కీలు మాత్రం వర్తించవు.

ముందు ఎన్‌వీడీఏ సంగతి

ప్లేయర్ వేసుకునేలోపు ఎన్‌వీడీఏలో కొన్ని సర్దుకోండి. లేకపోతే పాట మోగడం మొదలవగానే ఎన్‌వీడీఏ గొంతు అందులో మునిగిపోతుంది. ఏం జరుగుతోందో తెలియక కనిపించిన కీలన్నీ నొక్కుతాం, దాంతో పని ఇంకా చెడుతుంది.

ఎన్‌వీడీఏ+షిఫ్ట్+డి నొక్కండి (ఎన్‌వీడీఏ కీ అంటే మామూలుగా ఇన్సర్ట్ కీ). దీన్ని ఆడియో డకింగ్ అంటారు. నొక్కిన కొద్దీ మూడు స్థితులు మారుతుంటాయి: డకింగ్ లేదు, ఎన్‌వీడీఏ మాట్లాడేటప్పుడు మాత్రమే పాట తగ్గుతుంది, ఎప్పుడూ తగ్గే ఉంటుంది. మధ్యది పెట్టుకోండి. ఎన్‌వీడీఏ నోరు విప్పినప్పుడు పాట తనంతట తానే తగ్గి, మాట అయిపోగానే మళ్లీ లేస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపే పోర్టబుల్ ఎన్‌వీడీఏలో ఇది పనిచేయదు, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసి ఉండాలి.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే అలవాటుంటే ఇంకో దారి ఉంది. 2024.2 వెర్షన్ నుంచి ఎన్‌వీడీఏలో సౌండ్ స్ప్లిట్ వచ్చింది. ఎన్‌వీడీఏ+ఆల్ట్+ఎస్ నొక్కితే ఒక చెవిలో ఎన్‌వీడీఏ, రెండో చెవిలో మిగతా శబ్దాలన్నీ వినిపిస్తాయి. పాఠం వింటూ నోట్స్ టైప్ చేసుకునేవారికి ఇది బాగా పనికొస్తుంది. సంగీతానికి మాత్రం వద్దు. రెండు చెవులకూ పంచి రికార్డు చేసిన పాట ఒక చెవికే వచ్చి చప్పగా ఉంటుంది.

ఇక తెలుగు గొంతు. ఫైల్ పేర్లు తెలుగు లిపిలో ఉంటే ఇంగ్లిష్ గొంతులు చాలావరకు వాటిని మింగేస్తాయి. జాబితాలో కింద యారో నొక్కుతుంటే మౌనం వినిపిస్తుంది, అంతే. జాబితా ఖాళీగా ఉందనుకుంటాం. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతులో తెలుగు ఉంది. దాని ఉచ్చారణ మీకు నచ్చకపోవచ్చు. నాకూ అంతగా నచ్చదు, కానీ పాట పేరు తెలుసుకోవడానికి చాలు. దాన్ని కంప్యూటర్ అంతటికీ పెట్టుకోనక్కర్లేదు, ప్లేయర్ వరకే పెట్టుకోవచ్చు. ప్లేయర్ తెరిచి ఉన్నప్పుడు ఎన్‌వీడీఏ+కంట్రోల్+పి నొక్కితే కాన్ఫిగరేషన్ ప్రొఫైల్స్ డైలాగ్ వస్తుంది. అందులో న్యూ బటన్ నొక్కి, పేరు ఇచ్చి, ఈ ప్రొఫైల్ ఎప్పుడు వాడాలన్న చోట కరెంట్ అప్లికేషన్ ఎంచుకోండి. ఆ తర్వాత ప్లేయర్ కిటికీలోనే ఉండి ఎన్‌వీడీఏ గొంతును తెలుగుకు మార్చి, కొంచెం నెమ్మది చేసి, సేవ్ చేయండి. ఇక ప్లేయర్‌లోకి వస్తే తెలుగు గొంతు, బయటికి వెళ్తే మీ మామూలు గొంతు.

ఫూబార్2000 వేసుకోవడం

ఫూబార్ తొలిసారి 2002లో వచ్చింది. దీన్ని రాసిన పీటర్ పావ్‌లోవ్‌స్కీ అంతకుముందు విన్‌యాంప్ తయారుచేసిన నల్‌సాఫ్ట్‌తో పనిచేసినవాడు. విన్‌యాంప్ 1997 నాటిది. ఒకప్పుడు చూపులేనివారి కంప్యూటర్లలో అదే రాజ్యం చేసింది. జెడ్, ఎక్స్, సి, వి, బి అని కీబోర్డు కింది వరుసలో అయిదు కీలు. వెనక్కి, ప్లే, పాజ్, స్టాప్, ముందుకు. అప్పట్లో నేర్చుకున్నవారి వేళ్లు ఇప్పటికీ అక్కడికే పోతాయి. ఫూబార్ చూడ్డానికి బోసిగా ఉంటుందని చూపున్నవాళ్లు అంటుంటారు. ఆ బోసితనమే మనకు లాభం. మెనూలు మామూలు విండోస్ మెనూలే, కీబోర్డుకు అందని హంగులు తక్కువ.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫూబార్2000 డాట్ ఆర్గ్ నుంచే తీసుకోండి. సెర్చ్‌లో పేరు కొట్టి మొదట వచ్చిన లింక్ మీద ఎంటర్ నొక్కే అలవాటు మానుకోవాలి. ఇతర సైట్లలో డౌన్‌లోడ్ అని రాసున్న బటన్లు నాలుగైదు ఉంటాయి. అందులో ఏది ప్రకటనో, ఏది అసలుదో స్క్రీన్ రీడర్ చెప్పదు.

ఇన్‌స్టాల్ చేయడం తేలికే. నెక్స్ట్, ఐ అగ్రీ, నెక్స్ట్ అనుకుంటూ పోవడమే. మధ్యలో స్టాండర్డ్ కావాలా, పోర్టబుల్ కావాలా అని అడుగుతుంది. మీ సొంత కంప్యూటర్ అయితే స్టాండర్డ్. కాలేజీ ల్యాబ్‌లోనో, ఇంటర్నెట్ సెంటర్‌లోనో వాడాల్సి వస్తే పోర్టబుల్ ఎంచుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. మీరు పెట్టుకున్న కీలు, జాబితాలు అన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉండి మీతోపాటు వస్తాయి.

మొదటిసారి తెరవగానే రూపం ఎలా ఉండాలని అడిగే కిటికీ వస్తుంది. మెయిన్ లేఅవుట్ అన్న జాబితాలో సింపుల్ ప్లేలిస్ట్ అని మొదలయ్యేది ఎంచుకుని ఓకే చేయండి. రంగుల సంగతి ఇంట్లో వాళ్లకు వదిలేయండి. ఈ కిటికీని పొరపాటున మూసేసినా కంగారు పడొద్దు, వ్యూ మెనూలో లేఅవుట్ కింద క్విక్ సెటప్ ఉంటుంది.

పాటలు ఎక్కించడానికి ఫైల్ మెనూలో యాడ్ ఫోల్డర్ వాడండి. ఒకే ఫైల్ అయితే కంట్రోల్+ఓ. జాబితాలో పై, కింది యారోలతో తిరుగుతూ కావాల్సిన దాని మీద ఎంటర్ కొట్టండి. డిలీట్ కొడితే పాట జాబితా నుంచి మాత్రమే పోతుంది, డిస్క్‌లో ఫైల్ అలాగే ఉంటుంది. మోగుతున్న పాట పేరు కావాలంటే ఎన్‌వీడీఏ+టి. ఫూబార్ ఆ పేరును టైటిల్ బార్‌లోనే పెడుతుంది కాబట్టి జాబితాలో ఎక్కడున్నా జవాబు వస్తుంది.

ఎంత అయింది, ఎంత ఉంది

ఫూబార్‌ను ఎంచుకోమనడానికి పెద్ద కారణం ఇదే. ఎన్‌వీడీఏ తయారుచేసినవాళ్లు ఈ ప్లేయర్ కోసమే మూడు కీలు పెట్టారు. అదనంగా వేసుకునే యాడ్-ఆన్ ఏదీ అక్కర్లేదు.

కంట్రోల్+షిఫ్ట్+ఇ అంటే ఎంత అయిందో చెబుతుంది.
కంట్రోల్+షిఫ్ట్+ఆర్ అంటే ఇంకా ఎంత మిగిలిందో.
కంట్రోల్+షిఫ్ట్+టి అంటే పాట మొత్తం నిడివి.

ఈ మూడూ ఫూబార్ కిటికీ ముందున్నప్పుడే పలుకుతాయి. ఒక మెలిక కూడా ఉంది. ఎన్‌వీడీఏ ఈ సమయాన్ని కింద స్టేటస్ బార్ నుంచి చదువుతుంది. వ్యూ మెనూలో స్టేటస్ బార్ తీసేసినా, అందులో ఏం కనిపించాలన్న సూత్రాన్ని మార్చినా ఈ కీలు మూగబోతాయి. ఎవరైనా తెలిసినవాళ్లు మీ ప్లేయర్‌ను అందంగా చేసిపెడతామంటే ఆ ఒక్కటీ ముట్టుకోవద్దని చెప్పండి.

మీ కీలు మీరే పెట్టుకోవడం

వర్డ్‌లో టైప్ చేస్తుంటే పాట ఆపాలి. దానికోసం ఆల్ట్+ట్యాబ్‌తో ఫూబార్‌లోకి వెళ్లి, ఆపి, మళ్లీ రావడం ఎందుకు? ఏ కిటికీలో ఉన్నా పనిచేసే కీలు పెట్టుకోవచ్చు. కొంచెం ఓపికతో ఒక్కసారి చేస్తే చాలు.

1. ఫూబార్‌లో కంట్రోల్+పి నొక్కండి. ప్రిఫరెన్సెస్ తెరుచుకుంటుంది. ఎడమవైపు ట్రీలో కీబోర్డ్ షార్ట్‌కట్స్ దగ్గరికి వెళ్లండి. నేరుగా దొరక్కపోతే జనరల్ మీద కుడి యారో కొట్టి లోపల చూడండి.

2. ట్యాబ్ కొడుతూ పోతే ఇప్పటికే ఉన్న కీల జాబితా, తర్వాత యాడ్ న్యూ బటన్ వస్తాయి. యాడ్ న్యూ మీద స్పేస్ కొట్టండి.

3. పనుల ట్రీలోకి వెళ్లండి. బ్రాకెట్లలో మెయిన్ అని ఉన్న కొమ్మ తెరిచి, అందులో ప్లేబ్యాక్ తెరవండి. ప్లే ఆర్ పాజ్ అక్కడుంటుంది. ముందుకు, వెనక్కి జరిపేవి సీక్ అన్న కొమ్మలో ఉంటాయి. 5 సెకన్లు, 10 సెకన్లు, 30 సెకన్లు, 1 నిమిషం, ఇలా.

4. కీ అన్న పెట్టెలోకి ట్యాబ్‌తో వచ్చి, మీకు కావాల్సిన కీలను కలిపి ఒక్కసారి నొక్కండి. టైప్ చేయనక్కర్లేదు, నొక్కితే అదే రాసుకుంటుంది.

5. గ్లోబల్ హాట్‌కీ అన్న చెక్‌బాక్స్‌కు టిక్ పెట్టండి. ఇది పెట్టకపోతే ఆ కీ ఫూబార్ లోపల మాత్రమే పనిచేస్తుంది.

6. అప్లై కొట్టి, వేరే కిటికీలోకి వెళ్లి పరీక్షించండి.

ఏ కీలు పెట్టాలన్నదే తెలివిగా ఆలోచించాల్సిన చోటు. కంట్రోల్+ఆల్ట్+యారోలు చేతికి అందుబాటుగా ఉంటాయని చాలామంది అవే పెడతారు. వద్దు. వెబ్ పేజీల్లో, వర్డ్‌లో పట్టికల గడుల మధ్య తిరగడానికి ఎన్‌వీడీఏ వాడేది అవే. కంట్రోల్+ఆల్ట్+ఎన్ అసలే వద్దు, ఎన్‌వీడీఏ నోరు పడిపోయినప్పుడు దాన్ని మళ్లీ లేపే కీ అది. కంట్రోల్+ఆల్ట్+4 కూడా వద్దు, ఇంగ్లిష్ ఇండియా కీబోర్డులో రూపాయి గుర్తు దాంతోనే వస్తుంది. కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్9 ఖాళీగా ఉందనిపిస్తుంది కానీ వర్డ్‌లో అది లింకులను మామూలు అక్షరాలుగా మార్చేస్తుంది. నా ఓటు కంట్రోల్+ఆల్ట్‌తో ఎఫ్5, ఎఫ్6, ఎఫ్7కు. ఎఫ్5 ఆపి మొదలుపెట్టడానికి, ఎఫ్6 పది సెకన్లు వెనక్కి, ఎఫ్7 పది సెకన్లు ముందుకు. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ కీలు వాల్యూమ్, వెలుతురు పనులు చేస్తుంటే ఎఫ్ఎన్ కూడా కలపాల్సి రావచ్చు. ఏ కీ అయినా పెట్టేముందు ఎన్‌వీడీఏ+1 నొక్కి ఇన్‌పుట్ హెల్ప్ తెరిచి, ఆ కీలు నొక్కి చూడండి. ఎన్‌వీడీఏ దాన్ని దేనికైనా వాడుతుంటే అప్పుడే చెప్పేస్తుంది. చూశాక మళ్లీ ఎన్‌వీడీఏ+1 కొట్టి బయటికి రావడం మర్చిపోవద్దు, లేకపోతే ఏ కీ నొక్కినా దాని పేరు చెబుతుందే గానీ పని చేయదు.

పాత విన్‌యాంప్ అయిదు కీలనూ ఇదే పద్ధతిలో ఫూబార్‌లో పెట్టుకోవచ్చు. అయితే వాటికి గ్లోబల్ టిక్ పెట్టకండి. పెడితే వర్డ్‌లో జెడ్ కొట్టినప్పుడల్లా పాట మారుతుంది.

పాట పేరుకు ముందు సైటు పేరు

తెలుగు సినిమా పాటల పాత ఎంపీ3 ఫైళ్లలో ఒక బాధ ఉంది. ఎవరో అప్‌లోడ్ చేసినవాళ్లు ప్రతి పాట పేరులోనూ తమ సైటు చిరునామా ఇరికించి ఉంటారు. కళ్లతో చూసేవారు దాన్ని దాటేసి పాట పేరు చదువుకుంటారు. మనం మాత్రం కింద యారో కొట్టిన ప్రతిసారీ డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ డాట్ నుంచి డాట్ కామ్ దాకా అంతా వినాలి. యాభై పాటల జాబితాలో ఒక్కటి వెతకడం అంటే టెన్షనే.

దీన్ని ఫూబార్‌లోనే శుభ్రం చేయొచ్చు. పాట మీద ఉండి ఆల్ట్+ఎంటర్ కొడితే ప్రాపర్టీస్ వస్తుంది. టైటిల్ వరుస మీదికి వెళ్లి అప్లికేషన్స్ కీ నొక్కి, వచ్చిన మెనూలో ఎడిట్ ఎంచుకుని, చెత్త తీసేసి ఓకే చేయండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో అప్లికేషన్స్ కీ తీసేస్తున్నారు, అది లేకపోతే షిఫ్ట్+ఎఫ్10 కొట్టండి. ఫైల్ పేర్లు శుభ్రంగా ఉండి టైటిళ్లు మాత్రమే పాడై ఉంటే అన్నిటినీ ఒకేసారి ఎంచుకుని, ప్రాపర్టీస్‌లో ఆటోమేటికల్లీ ఫిల్ వాల్యూస్‌తో ఫైల్ పేరు నుంచి టైటిల్ నింపుకోవచ్చు. ఇది ఫైళ్లను నిజంగానే మారుస్తుంది కాబట్టి ముందు ఆ ఫోల్డర్‌ను ఇంకో చోట కాపీ చేసి పెట్టుకోండి.

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు పేర్లతో కంట్రోల్+ఎఫ్ వెతుకులాట కూడా ఓ ఆటే. నువ్వు అన్న మాటలో ఒకడు వి ఒకటి పెడతాడు, ఇంకొకడు రెండు పెడతాడు. పూర్తి మాట కొట్టకుండా మొదటి మూడక్షరాలతో ఆపేయండి, దొరికే అవకాశం పెరుగుతుంది.

నలుగురి ముందు పాటలు పెట్టేటప్పుడు

వినాయక మండపంలో, చర్చిలో, ఇంట్లో పెళ్లిలో పాటలు పెట్టే బాధ్యత తీసుకున్నారనుకోండి. ఎన్‌వీడీఏ గొంతు పెద్ద స్పీకర్లలోంచి వినిపించిందంటే వీధంతా మీ మెనూలు వింటుంది. దీనికి పరిష్కారం చవకే. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొనండి. ఎన్‌వీడీఏ సెట్టింగ్స్‌లో ఔట్‌పుట్ డివైస్ అన్న చోట దాన్ని ఎంచుకుని మీ ఇయర్‌ఫోన్ అందులో పెట్టుకోండి. ఫూబార్‌లో ప్రిఫరెన్సెస్, ప్లేబ్యాక్, ఔట్‌పుట్ దగ్గరికి వెళ్లి ల్యాప్‌టాప్ సొంత సౌండ్‌ను ఎంచుకుని, ఆ వైరు ఆంప్లిఫైయర్‌కు ఇవ్వండి. ఎన్‌వీడీఏ ఔట్‌పుట్ డివైస్ వెర్షన్‌ను బట్టి ఒక్కోచోట ఉంటుంది. ఎన్‌వీడీఏ+కంట్రోల్+యు తో తెరుచుకునే ఆడియో పేజీలో చూడండి, లేకపోతే ఎన్‌వీడీఏ+కంట్రోల్+ఎస్ తో వచ్చే గొంతు ఎంచుకునే డైలాగ్‌లో ఉంటుంది. ఇలా విడదీశాక డకింగ్ ఆపేయండి. లేకపోతే మీరు జాబితాలో కదిలినప్పుడల్లా మండపంలో పాట తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది.

ఆ ఔట్‌పుట్ జాబితాలో ఒక ఉచ్చు ఉంది. ఒకే పరికరం పేరు రెండుసార్లు కనిపించి, ఒకదాని చివర ఎక్స్‌క్లూజివ్ అని ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే ఫూబార్ ఆ సౌండ్ కార్డును పూర్తిగా తనకే పట్టుకుంటుంది. ఎన్‌వీడీఏ కూడా అదే కార్డు మీద ఉంటే పాట మోగినంతసేపూ దానికి నోరుండదు. అలా ఇరుక్కుంటే ముందు పాట ఆపండి, మీరు పెట్టుకున్న ఎఫ్5 ఇక్కడ ఆదుకుంటుంది. అప్పటికీ ఎన్‌వీడీఏ పలకకపోతే కంట్రోల్+ఆల్ట్+ఎన్.

ఈ పనికి ప్లేబ్యాక్ మెనూలో స్టాప్ ఆఫ్టర్ కరెంట్ కూడా తెలిసుండాలి. ఉన్న పాట అయిపోగానే ఆగిపోతుంది, తర్వాతది దూసుకురాదు. పూజారిగారు మైకు తీసుకునే సమయానికి ఇది ఉపయోగం. ఎవరైనా ఫలానా పాట పెట్టమంటే, ఆ పాట మీదికి వెళ్లి అప్లికేషన్స్ కీ మెనూలో ప్లేబ్యాక్ క్యూలో చేర్చండి. మోగుతున్నది తెగకుండా, అయిపోయాక అది వస్తుంది.

పాఠాలకు వీఎల్‌సీ

ఫూబార్ ఒక్కో ఫైల్‌లో మీరు ఎక్కడ ఆపారో విడిగా గుర్తుపెట్టుకోదు. వేగం పెంచే ఏర్పాటు కూడా దానంతట అది ఇవ్వదు. గ్రూప్స్‌కు చదివేవారు, డీఎస్సీ కోచింగ్ రికార్డింగులు వినేవారు ఈ రెండూ లేకుండా బతకలేరు. వీఎల్‌సీ అక్కడ పనికొస్తుంది. వీడియోలాన్ డాట్ ఆర్గ్ నుంచి తీసుకోండి. ఫోన్ రికార్డింగులు, వాట్సాప్ వాయిస్‌లు, వీడియో క్లాసులు, ఏదిచ్చినా వాయించేస్తుంది.

మొదటిసారి తెరిస్తే ప్రైవసీ గురించి చిన్న డైలాగ్ వస్తుంది, కంటిన్యూ కొట్టండి. ఆ వెంటనే కంట్రోల్+పి. ఇంటర్‌ఫేస్ పేజీలో ట్యాబ్ కొడుతూ పోతే కంటిన్యూ ప్లేబ్యాక్ అన్న కాంబో బాక్స్ దొరుకుతుంది. దాన్ని ఆల్వేస్‌కు మార్చండి. ఆస్క్‌లో ఉంటే కొనసాగించాలా అన్న ప్రశ్న కిటికీ మీద ఓ పట్టీగా వచ్చి, మనం దాన్ని పట్టుకునేలోపే మాయమవుతుంది. అదే పేజీలో ఇటీవల వాడిన ఫైళ్లను గుర్తుంచుకునే చెక్‌బాక్స్‌ను తీసేయకండి. ఆపిన చోటును వీఎల్‌సీ ఆ జాబితాలోనే రాసుకుంటుంది. జాబితాకు ఒక హద్దు ఉంది కాబట్టి పాత ఫైళ్ల గుర్తులు కొన్నాళ్లకు చెరిగిపోతాయి.

వీఎల్‌సీ కీలు చాలానే ఉన్నాయి. పాఠాలకు ఇవి చాలు. స్పేస్ ఆపి మొదలుపెడుతుంది. షిఫ్ట్‌తో ఎడమ, కుడి యారోలు 3 సెకన్లు, ఆల్ట్‌తో 10 సెకన్లు, కంట్రోల్‌తో 1 నిమిషం జరుపుతాయి. మాస్టారు చెప్పిన సంవత్సరం సరిగ్గా వినపడలేదా, షిఫ్ట్+ఎడమ యారో. ఫోన్ వచ్చి అయిదు నిమిషాలు దాటిపోయిందా, కంట్రోల్+ఎడమ యారో అయిదుసార్లు. ఎం కొడితే శబ్దం పోతుంది, మళ్లీ కొడితే వస్తుంది. ఫలానా నిమిషానికి నేరుగా వెళ్లాలంటే కంట్రోల్+టి. వచ్చిన పెట్టెలో గంటలు, నిమిషాలు, సెకన్లు వరుసగా ఉంటాయి.

వేగానికి స్క్వేర్ బ్రాకెట్ కీలు. కుడిది పెంచుతుంది, ఎడమది తగ్గిస్తుంది, ఒక్కో నొక్కుకు పదో వంతు. ఈక్వల్స్ కీ కొడితే మామూలు వేగానికి వచ్చేస్తుంది. వేగం పెంచినా గొంతు సన్నబడకుండా వీఎల్‌సీ చూసుకుంటుంది. తెలుగు పాఠానికి అయిదారు నొక్కులు, అంటే ఒకటిన్నర రెట్ల దాకా హాయిగా అర్థమవుతుంది. స్క్రీన్ రీడర్ వేగానికి అలవాటుపడ్డ చెవులకు ఇంకా ఎక్కువే పట్టొచ్చు. లెక్కలు, రీజనింగ్ క్లాసులకు మాత్రం మామూలు వేగమే మేలు.

స్పేస్ కొడితే పాఠం ఆగకుండా ఇంకేదో జరుగుతోందా? మీరు ట్యాబ్ కొట్టి ఏదో బటన్ మీదికి వెళ్లి ఉంటారు. స్పేస్ ఆ బటన్‌ను నొక్కేస్తోంది. వీఎల్‌సీలో ఊరికే ట్యాబ్ కొట్టే అలవాటు వద్దు, పనులన్నీ కీలతోనో ఆల్ట్ మెనూలతోనో కానివ్వండి.

ఎక్కడున్నాం అన్న ప్రశ్న దగ్గర వీఎల్‌సీ కొంచెం తడబడుతుంది. ఫూబార్‌కు ఉన్నట్టు దీనికి ఎన్‌వీడీఏలో సమయం చెప్పే కీలు లేవు. ఎన్‌వీడీఏ+ఎన్ నొక్కి టూల్స్‌లో యాడ్-ఆన్ స్టోర్ తెరిచి వీఎల్‌సీ అని వెతకండి. ఈ లోటు తీర్చే యాడ్-ఆన్ అక్కడ ఉంటుంది. ఏటా మొదటి ఎన్‌వీడీఏ వెర్షన్ వచ్చినప్పుడు పాత యాడ్-ఆన్లు కొన్నాళ్లు పనిచేయకుండా పోతాయి. పరీక్షలు దగ్గరపడ్డప్పుడు అప్‌డేట్ చేయకండి.

బుక్‌మార్కులు కంట్రోల్+బి లో ఉన్నాయి, కానీ వాటిని నమ్ముకోవద్దు. వీఎల్‌సీ మూసేస్తే పోతాయి. ముఖ్యమైన చోట్లను నోట్‌ప్యాడ్‌లో రాసి పెట్టుకోవడమే నయం: ఫైల్ పేరు, నిమిషం, విషయం. తర్వాత కంట్రోల్+టి తో అక్కడికి వెళ్లొచ్చు.

వెనక బెంచీ నుంచి రికార్డు చేసిన క్లాసుల్లో మాస్టారు బోర్డు వైపు తిరిగితే గొంతు పడిపోతుంది, పక్కవాడు దగ్గితే చెవి పగులుతుంది. కంట్రోల్+ఇ కొట్టి ఎఫెక్ట్స్ తెరిచి, అందులో కంప్రెసర్ ట్యాబ్‌లో ఎనేబుల్ టిక్ పెట్టండి. చిన్న గొంతుకూ పెద్ద శబ్దానికీ మధ్య తేడా తగ్గుతుంది. లోపలి స్లైడర్లను కదపకపోయినా తేడా తెలుస్తుంది. ఆకాశవాణి లాంటి ఆన్‌లైన్ రేడియో చిరునామా ఏదైనా మీ దగ్గరుంటే కంట్రోల్+ఎన్ కొట్టి అతికించి వినొచ్చు.

పుస్తకాల సంగతి వేరు

అచ్చు చదవలేనివారి కోసం తయారుచేసే డైసీ రకం డిజిటల్ పుస్తకాలను ఈ రెండు ప్లేయర్లలోనూ వినకండి. వినపడతాయి, కానీ అధ్యాయం నుంచి అధ్యాయానికి దూకే సౌకర్యమంతా పోతుంది. 2016 ఆగస్టులో మొదలైన సుగమ్య పుస్తకాలయ ఆన్‌లైన్ గ్రంథాలయంలో అచ్చు పుస్తకం చదవలేనివారు సభ్యులుగా చేరి పుస్తకాలు తీసుకోవచ్చు. అక్కడి నుంచి వచ్చేది సాధారణంగా జిప్ ఫైల్. దాన్ని విప్పితే ఫోల్డర్‌లో పదుల కొద్దీ ఎంపీ3 ముక్కలు, వాటితోపాటు ఎన్‌సీసీ అన్న హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలో, ఓపీఎఫ్ ఫైలో కనిపిస్తాయి. పుస్తకం విషయసూచిక, ఏ శీర్షిక ఏ సెకనులో మొదలవుతుందన్న లెక్క అంతా ఆ ఫైలులోనూ, దాని పక్కనుండే మరికొన్ని చిన్న ఫైళ్లలోనూ ఉంటుంది. ఎంపీ3లు మాత్రం ఫోన్‌లోకి కాపీ చేసుకుని మిగతావి అక్కర్లేదని చెరిపేస్తే పుస్తకం పాటల జాబితాగా మిగులుతుంది.

కంప్యూటర్‌లో వీటికి థోరియం రీడర్ పెట్టుకోండి. అదీ ఉచితమే, ఎన్‌వీడీఏతో బాగా నడుస్తుంది, ఈపబ్ పుస్తకాలనూ తెరుస్తుంది. ఒక్కోసారి డైసీ పుస్తకంలో ఎంపీ3లు ఉండవు, అక్షరాల్లో ఉన్న పుస్తకం మాత్రమే ఉంటుంది. దాన్ని తెరిచి శబ్దం రావట్లేదని ప్లేయర్‌ను అనుమానించకండి. అది ఎన్‌వీడీఏ గొంతుతో చదువుకోవాల్సిన పుస్తకం. పుస్తకం తెలుగైతే మొదట చెప్పిన ప్రొఫైల్ పద్ధతిలోనే థోరియంకు కూడా తెలుగు గొంతు పెట్టండి.